లెక్కకెక్కని ఊపిరి

ఎల్లారెడ్డినుండి కామారెడ్డికి సుమారు 40 కిలోమీటర్లు; కామారెడ్డినుండి నిజామాబాదుకు మరియొక 50 కిలోమీటర్లకు పైబడిన దారి; హైదరాబాదుకు పోవలెనన్నచో జాతీయ రహదారి వెంబడి 110 కిలోమీటర్ల ప్రయాణము. ఆరోగ్యముతో ఉన్నవారు ఈ దూరములను బస్సు ఛార్జీలతో కొలుచుకొందురు. ఊపిరి అందక రొప్పుచున్న మనిషిని 108 వాహనములోనికి ఎక్కించినవారు వీనిని నిమిషములతో కొలువవలసియుండును. ఏలయన, ఎల్లారెడ్డి దవాఖానలో ఆక్సిజన్ పెట్టి ఒక పూట చూచుటయా, తక్షణమే కామారెడ్డికి పంపుటయా, అక్కడను ఆగక నిజామాబాదుకో హైదరాబాదుకో తరలించుటయా అను నిర్ణయము ఒక గంట ముందు జరిగినప్పుడు బ్రతికి బయటపడు మనిషి, అదే నిర్ణయము ఒక గంట ఆలస్యమైనప్పుడు దారిలోనే కడతేరుట మన పల్లెలు ఎరుగని విషయము కాదు. రోగికి శ్వాసయంత్రము, అనగా అందరును వాడుకగా చెప్పుకొను వెంటిలేటర్, అవసరమగునా కాదా అను సంగతిని కొన్ని గంటల ముందుగానే గణించి చెప్పు కంప్యూటర్ విద్య యొకటి ఇప్పుడు లోకమున వ్యాపించుచున్నది. అది మన జిల్లాకు రావలెనని కోరువారిలో నేనొకడను. అయితే అది వచ్చుటకు ముందు మన ఆసుపత్రుల రికార్డులలో సరిదిద్దుకొనవలసిన లోపమొకటి కలదు; దానిని సరిదిద్దకయే ఆ గణనయంత్రమును తెచ్చి నిలిపినచో, ఎవరికొరకు తెచ్చితిమో వారికే అది అపకారము చేయునని నా దృఢాభిప్రాయము.

ముందుగా ఈ విద్య ఎట్టిదో చెప్పవలెను. చాలమంది రోగులలో శ్వాస కుప్పకూలుటకు కొన్ని గంటల ముందే శరీరము తన కష్టమును తెలుపుకొనుచుండును. పెద్దవారిలో సాధారణముగా నిమిషమునకు 12 మొదలు 20 వరకు ఉండవలసిన ఊపిరులు 24కు, 28కి, ఆపైకి పెరుగుట. నాడి వేగము హెచ్చుట. వ్రేలికి తగిలించు ఆక్సీమీటరులో అంకె 97 నుండి 94కు, 94 నుండి 91కి జారుట. ఒక్క బిగిని మాటాడగలిగినవాడు రెండు మాటలకొకసారి ఆగి గాలి పీల్చుకొనుట. ఇవన్నియు అనుభవజ్ఞుడైన వైద్యుడు చూపుతోనే గ్రహించు చిహ్నములు. మెషీన్ లెర్నింగ్ అనబడు పద్ధతిలో, పూర్వము చికిత్స పొందిన వేలకొలది, లక్షలకొలది రోగుల వివరములను కంప్యూటరునకు అప్పగించి, వారిలో ఎవరు చివరకు వెంటిలేటరు మీదికి వెళ్లిరో, ఎవరు వెళ్లలేదో కూడ తెలిపినచో, ఏ చిహ్నములు ఏ పాళ్లలో కలిసినప్పుడు ఏమి జరుగునో అది తానే సంబంధములను కనిపెట్టి, క్రొత్తగా చేరిన రోగిని చూపినప్పుడు అతనికి ఆ అవసరము కలుగు అవకాశమెంతయో ఒక అంకెగా చెప్పును. 2021లో కలకత్తాలోని ఫౌండేషన్ ఫర్ ఇన్నోవేషన్స్ ఇన్ హెల్త్ అను సంస్థ గౌహతి ఐఐటీ మొదలగువారి సహకారముతోను, కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ తోడ్పాటుతోను కోవిడ్ రోగులకై ఇట్టి తీవ్రతాసూచికను రూపొందించి, బారక్‌పూరు వంటి శివారు కేంద్రములలో వాడుకలోనికి తెచ్చినది. ఐసీయూ లేని చిన్న కేంద్రమునుండి ఎవరిని ముందుగా పెద్దాసుపత్రికి పంపవలెనో తెలిసికొనుటయే దాని ఉద్దేశము. కనుక ఇది అమెరికా ఆసుపత్రులకు మాత్రమే చెందిన విలాసమని ఎవరును తోసివేయనక్కరలేదు.

కాని ఈ యంత్రము నేర్చుకొను తీరులోనే ఒక ప్రమాదము పొంచియున్నది. 1990వ దశకములో అమెరికాలోని పిట్స్‌బర్గులో న్యుమోనియా రోగులలో ఎవరికి ప్రాణాపాయము ఎక్కువయో కనుగొనుటకై కొందరు పరిశోధకులు ఇట్టి నమూనాలను తయారుచేసిరి. వారిలో ఒకడైన రిచ్ కరువానా తరువాతి కాలమున దీనిని గూర్చి విపులముగా వ్రాసెను. లెక్కల పరీక్షలో ఆ నమూనాలు చక్కగా ఉత్తీర్ణములైనవి. అయితే వానిలో ఒకటి ఒక విచిత్రమైన సూత్రమును నేర్చుకొన్నట్లు బయటపడినది: న్యుమోనియా వచ్చినవానికి పూర్వమునుండి ఉబ్బసము ఉన్నచో అతనికి ప్రాణాపాయము తక్కువయట! వైద్యవిద్యార్థి ఎవడును అట్లు పలుకడు. మరి యంత్రము అబద్ధము చెప్పినదా? చెప్పలేదు, దాని ముందుంచిన రికార్డులలో ఉబ్బసరోగులు నిజముగానే తక్కువగా మరణించిరి. ఏలయన, ఉబ్బసమున్నవానికి న్యుమోనియా సోకగానే వైద్యులు భయపడి నేరుగా ఐసీయూలో చేర్చి సర్వోపచారములును చేసిరి. ఆ శ్రద్ధవలన కలిగిన రక్షణను యంత్రము రోగలక్షణముగా పొరబడినది. దానిని నమ్మి ఉబ్బసరోగులను ఇంటికి పంపియుండినచో ఏమగునో ఊహించుకొనవచ్చును. పరిశోధకులు వివేకవంతులగుటచే, పైకి లెక్కలలో మిన్నగా కనిపించిన నమూనాను, అది లోపల ఏమి నేర్చుకొన్నదో విడమరచి చూడవలనుపడనిదగుటచే, రోగులమీద ప్రయోగింపక మానుకొనిరి.

ఈ దృష్టాంతమును తలక్రిందులు చేసి ఎల్లారెడ్డికి అన్వయించి చూడుడు. పిట్స్‌బర్గులో అధికమైన శ్రద్ధ యంత్రమును మోసగించినది. మన చోట శ్రద్ధ అందకపోవుటయే దానిని మోసగింపగలదు. యంత్రమునకు మనము నేర్పగోరునది ‘వెంటిలేటరు ఎవరికి అవసరము’ అను విషయము. రికార్డులలో ఉండునది ‘వెంటిలేటరు ఎవరికి పెట్టబడినది’ అను విషయము. హైదరాబాదులోని పెద్ద ఆసుపత్రిలో ఈ రెండింటికిని నడుమ భేదము స్వల్పము; అవసరమైనవానికి చాలవరకు అది లభించును గదా. చిన్న పట్టణపు దవాఖానలో ఆ భేదము అగాధమంత. ఊపిరి ఆడక వచ్చిన వృద్ధునికి ఆక్సిజన్ పెట్టి ‘రెఫర్’ అని కేస్ షీటుమీద వ్రాసి పంపివేసినప్పుడు, అతడు నిజామాబాదు చేరెనా, చేరినచో శ్వాసనాళములో గొట్టము వేసిరా, దారిలోనే ఏమైనను జరిగెనా అను సంగతి బయలుదేరిన చోటి కాగితములోనికి తిరిగి వచ్చు మార్గము చాల సందర్భములలో లేదు. పెద్దాసుపత్రి ఖర్చు భరింపలేక, లేక భరించినను ఫలము లేదని ఎవరో చెప్పగా విని, ‘మా ఇష్టప్రకారము తీసికొనిపోవుచున్నాము’ అని వ్రేలిముద్ర వేసి ఇంటికి తీసికొనిపోయినవారి కథ ఆ వ్రేలిముద్రతో ముగిసిపోవును. రికార్డు దృష్టిలో వీరందరును వెంటిలేటరు లేకుండ ఆసుపత్రి విడిచినవారే. అట్టి కాగితములను కుప్పవోసి యంత్రమునకు నేర్పినచో, గాంధారి, లింగంపేట, నాగిరెడ్డిపేట పల్లెలనుండియు, చుట్టుపక్కల తండాలనుండియు వచ్చు పేదరోగులకు శ్వాసయంత్రపు అవసరము తక్కువ అని అది నేర్చుకొనును. నేర్చుకొని, రేపు అట్టివాడు మరల వచ్చినప్పుడు నిబ్బరముగా, దశాంశములతో సహా, ‘అపాయము స్వల్పము’ అని తెరమీద చూపును. మిల్లుకు చేరిన వడ్లను మాత్రము తూచి, కళ్లములో తడిసి పాడైనవానిని, పొలమున రాలిపోయినవానిని విడిచిపెట్టి నిజాంసాగరు ఆయకట్టు దిగుబడి ఇంతయని నిర్ణయించు పద్ధతిని ఏ రైతైనను అంగీకరించునా?

ఇంకొక చిక్కు మన రోగములకు సంబంధించినది. శ్వాసావసరమును ముందుగా గణించు నమూనాలలో అనేకము బోస్టన్ నగరములోని బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ వైద్యకేంద్రపు ఐసీయూ రికార్డులనుండి కూర్చి, పరిశోధకులకు అందుబాటులో ఉంచిన మిమిక్ అను సమాచారనిధిమీద తయారైనవి. ఆ నిధిని అందరికి ఇచ్చినవారి ఔదార్యము కొనియాడదగినది. కాని బోస్టన్‌లో కట్లపాము లేదు. మన ప్రాంతమున వానాకాలపు రాత్రులలో, నేలమీద చాప పరచుకొని నిదురించువానిని కట్లపాము కరచినప్పుడు పెద్దగా నొప్పి ఉండదు, వాపు ఉండదు. కొందరిలో కాటుగుర్తు కూడ కనబడదు. తెల్లవారుసరికి కడుపునొప్పి అనియో గొంతులో ఏదో అడ్డుపడుచున్నదనియో చెప్పును. తరువాత కనురెప్పలు వ్రాలును, మ్రింగుట కష్టమగును, మెడ నిలువదు. చివరకు శ్వాసకండరములు చచ్చుపడును. ఇందలి రహస్యమేమనగా, ఈ రోగి ఊపిరితిత్తులు నిర్దుష్టములు. వానిని ఆడించు కండరములు మాత్రమే అలసిపోవుచున్నవి. కావున ఆక్సీమీటరులోని అంకె చాలసేపు 97, 98 చూపుచునే యుండి, చిట్టచివర ఒక్కుమ్మడిగా పడిపోవును. న్యుమోనియాలనుండియు, గుండెజబ్బులనుండియు పాఠము నేర్చిన యంత్రము ఈ అంకెను చూచి ఇతడు క్షేమముగా ఉన్నాడనును. ఆ క్షణమున అతనికంటె అపాయములో ఉన్నవాడు ఆ వార్డులో వేరొకడు ఉండకపోవచ్చును. ఇంతకంటెను బాధాకరమైన విషయము మరియొకటి: విషమునకు విరుగుడు ఇచ్చిన తరువాత కూడ చచ్చుపడిన కండరములు వెంటనే కోలుకొనవు గాని, కొన్ని దినములు వెంటిలేటరు ఊపిరినిచ్చి నిలబెట్టినచో అట్టివారిలో పెక్కుమంది సంపూర్ణముగా కోలుకొని పొలము పనికి పోగలరు. ముందుగా గుర్తించుటవలన ఇంత పూర్తి ఫలము దక్కు రోగము వేరొకటి నాకు తోచుటలేదు.

పురుగులమందు సంగతియు ఇట్టిదే. ఆర్గానోఫాస్ఫరస్ జాతి మందు ఒంటిలోనికి పోయి ఆసుపత్రికి వచ్చినవాడు అట్రోపిన్ సూదులతో తేరుకొని, లేచి కూర్చుండి, ఇంటివారితో మాటాడుచుండగా, ఒకటి మొదలు నాలుగు దినముల నడుమ హఠాత్తుగా మెడను దిండుమీదనుండి లేపలేకపోవును. పిమ్మట శ్వాస క్షీణించును. ఈ మధ్యకాలపు విపత్తును 1987లో సేనానాయకె, కరలియెడ్డె అను శ్రీలంక వైద్యులు విపులముగా వర్ణించి లోకమునకు తెలిపిరి. దానిని కనిపెట్టుటకు ఖరీదైన పరికరమేదియు అక్కరలేదు. పూటపూటకు రోగిని ‘తల లేపుము’ అని అడిగి చూచినచో చాలును. కలుపుకు కొట్టు గడ్డిమందులలో పారాక్వాట్ అను రకము లోనికి పోయినవారి విషయమున ఇంకను వైపరీత్యము కలదు: అంకె కొంచెము తగ్గినది గదా యని ధారాళముగా ఆక్సిజన్ ఇచ్చుట ఊపిరితిత్తుల నాశనమును వేగిరపరచును గావున, వైద్యులు దానిని వీలైనంతవరకు ఆపి ఉంచుదురు. కల్తీకల్లులో కలియు మత్తుమందులు ఊపిరి వేగమును పెంచుటకు మారుగా మందగింపజేయును. ఏండ్ల తరబడి బీడీ త్రాగి ఊపిరితిత్తులు చెడినవానికి 90 అను అంకె నిలకడకు గుర్తు కావచ్చును; నిన్నటివరకు నాగలి పట్టిన పాతికేండ్ల యువకునికి జ్వరములో అదే 90 ప్రమాదసూచన. బీడీలు చుట్టుటయే జీవనాధారముగా తంబాకు ధూళిలో బ్రతుకు గడుపు వేలాది స్త్రీలున్న కామారెడ్డి, నిజామాబాదు జిల్లాలలో ఈ భేదములు పుస్తకములలోని సూక్ష్మములు కావు.

అంకెమీద అతివిశ్వాసము ఎట్లు ప్రాణాంతకమగునో వెంటిలేటరు చరిత్రయే చెప్పుచున్నది. 1952లో డెన్మార్కు రాజధాని కోపెన్‌హేగన్‌లో పోలియో ప్రబలినప్పుడు, బ్లెగ్‌డమ్ ఆసుపత్రిలో శ్వాసకండరములు చచ్చుపడిన మొదటి 31 మందిలో 27 మంది మరణించిరి. వారికి ఆక్సిజన్ ఇచ్చుచునే యుండిరి; చర్మము గులాబిరంగున ఆరోగ్యముగా కనబడుచునే యుండెను. రక్తపరీక్షలో కనిపించిన వికారమును వైద్యులు వేరొక కారణమునకు ముడిపెట్టిరి. బియోర్న్ ఇబ్సెన్ అను మత్తువైద్యుడు వచ్చి, ఇది లోపల చిక్కుకొనిపోయిన బొగ్గుపులుసు వాయువు, ఆక్సిజన్ ఇచ్చినంత మాత్రమున అది బయటకు పోదు, ఊపిరిని ఆడింపవలెను అని నిరూపించెను. శ్వాసయంత్రములు చాలనందున సుమారు 1500 మంది వైద్య, దంతవైద్య విద్యార్థులు వంతులవారీగా రోగుల ప్రక్కన కూర్చుండి రబ్బరుసంచిని చేతితో నొక్కుచు వారాల తరబడి ఊపిరి పోసిరి. మరణములు సగమునకంటెను తగ్గిపోయినవి. నేటి ఐసీయూ పుట్టినది ఆ సంచినుండియే. ఆక్సిజన్ గొట్టము పెట్టగానే 96 చూపు ఆక్సీమీటరు మనవారిని కూడ ఆనాటి గులాబిరంగు వలెనే నిశ్చింతులను చేయుచున్నది. పైగా ఆ పరికరమునకు చర్మవర్ణముతో పేచీ కలదని 2020 డిసెంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రకటింపబడిన మిషిగాన్ వైద్యుల అధ్యయనము తెలిపినది. రక్తములో ఆక్సిజన్ నిజముగా తగ్గియున్నను పరికరము బాగున్నట్లు చూపిన సందర్భములు తెల్లవారికంటె నల్లవారిలో సుమారు మూడింతలు. మన శరీరచ్ఛాయలకు ఆ పొరపాటు ఎంతయో మన ఆసుపత్రులలోనే కొలిచి చూచుకొనుట ధర్మము.

బయటివారు తయారుచేసిన యంత్రమును పరీక్షింపకయే వాడుకొనుట ఎంత అవివేకమో అమెరికాకే అనుభవమైనది. ఎపిక్ అను పెద్ద సంస్థ అక్కడి వందలాది ఆసుపత్రులకు ఇచ్చిన సెప్సిస్ (ఇన్ఫెక్షన్ శరీరమంతటిని దెబ్బతీయు ప్రమాదస్థితి) సూచికను మిషిగాన్ విశ్వవిద్యాలయ వైద్యులు తమ రోగులమీద స్వతంత్రముగా పరీక్షించి 2021లో ఫలితములు ప్రకటించిరి. సెప్సిస్ వచ్చినవారిలో మూడింట రెండు వంతులమందిని అది పట్టుకొనలేకపోయినది. అదే సంవత్సరము కేంబ్రిడ్జి పరిశోధకులు కోవిడ్ రోగుల ఛాతీ ఎక్స్‌రే, స్కానులమీద ఆధారపడిన నమూనాలను జల్లెడపట్టి, వివరముగా పరిశీలించిన 62 అధ్యయనములలో ఒక్కటియు వైద్యమునకు పనికివచ్చు స్థితిలో లేదని తేల్చిరి. ఇంత చెప్పుట ఈ విద్యను నిరసించుటకు కాదు. పరీక్ష చేయుటకు వారు చూపిన ధైర్యము మనకును ఉండవలెను.

ఇక మన వార్డులకు వత్తము. శ్వాసాపాయమును అన్నింటికంటె ముందుగా తెలుపునది నిమిషమునకు ఎన్ని ఊపిరులు అను లెక్క. లోకమంతటను అన్నింటికంటె నిర్లక్ష్యమునకు గురియైన లెక్కయు అదియే. ఛార్టులు తిరుగవేసినచో 18, 20 అను అంకెలే వరుసగా కనబడునని పలుదేశముల పరిశీలకులు వ్రాసిరి. నర్సులను నిందించుట నా అభిమతము కాదు. రాత్రివేళ వార్డంతటికి ఒక్క సిస్టరు ఉండి, సూదులు, సెలైన్లు, కొత్తగా చేరువారు, బంధువుల ప్రశ్నలు అన్నియు ఆమెమీదనే పడినప్పుడు ఒక్కొక్క రోగి రొమ్ము చూచుచు నిండు నిమిషము లెక్కింపుమనుట ఆజ్ఞాపించువారికి సులభము, చేయువారికి దుష్కరము. అందుచే సిబ్బందిని పెంచుటకు మారుగా యంత్రమును కొనవచ్చునను ఆలోచన ఎవరికైనను ఉన్నచో దానిని మొదటనే విడిచిపెట్టవలెను. ఊపిరిని ఎవరో ఒకరు నిజాయితీగా లెక్కింపనిదే యంత్రమునకు తినిపించుటకు సత్యమనునది ఉండదు. 2021లో కోవిడ్ రోగులకై ఆకాశమార్గమున బేగంపేటనుండి ఒడిశాకు ఖాళీ ఆక్సిజన్ ట్యాంకర్లను సైనిక విమానములలో పంపి నింపి తెప్పించుకొన్న రాష్ట్రము మనది. తిరుపతి రుయా ఆసుపత్రిలో ట్యాంకరు ఆలస్యమై 11 మంది ప్రాణములు పోయినది ఆ సంవత్సరపు మే నెలలోనే. వస్తువులకొరకు అంత శ్రమపడినవారము, ఊపిరి లెక్కించు చేతులకొరకు కొంత శ్రమపడలేమా?

ఎల్లారెడ్డిలో ఈ గణనవలన సాధింపవలసిన ప్రయోజనము ఏమి అను ప్రశ్నకు నా సమాధానము స్పష్టము: బయలుదేరవలసిన సమయమును తెలుపుట. పెద్ద ఐసీయూలో యంత్రము ‘ఆరు గంటలలో అవసరపడవచ్చును’ అన్నచో గొట్టము సిద్ధముచేసికొని మంచము ప్రక్కన వేచియుందురు. ఎల్లారెడ్డిలో అదే ఆరు గంటలలో 108ను పిలుచుట, అది వచ్చుట, కామారెడ్డిలో మంచము ఉన్నదో లేదో కనుగొనుట, బంధువులు డబ్బు కూర్చుకొనుట, దారి నడచుట అన్నియు ఇమిడియుండవలెను. కాబట్టి ఒకే అపాయస్థాయి రెండు చోట్ల రెండు విధములైన ఆజ్ఞలుగా మారవలెను. ఇందులో కష్టము లేకపోలేదు. తొందరపడి పంపిన ప్రతి రోగియు చివరకు వెంటిలేటరు అవసరపడనివాడే అగుచున్నచో, దినకూలిమీద బ్రతుకు కుటుంబము రెండు మూడు దినముల సంపాదనను, అప్పు తెచ్చిన సొమ్మును పట్టణమున వృథాగా పోగొట్టుకొన్నదై, మరియొకసారి నిజముగా పొమ్మన్నప్పుడు పోక నిలిచిపోవును. ఎన్ని అనవసర ప్రయాణములకు ఒక ప్రాణము దక్కిన చాలునో నిర్ణయించుట కంప్యూటరు పని కాదు. అది వైద్యులును, జిల్లా అధికారులును, ప్రజలును బహిరంగముగా చర్చించి చెప్పవలసినది. ఆ ప్రయాణఖర్చును ప్రభుత్వము భరించినచో ఆ చర్చ ఎంతయో సులువగును.

ఒక విషయమున మాత్రము చర్చకు తావు లేదని నా మతము. ‘ఈతనికి శ్వాసయంత్రము అవసరపడును’ అని చెప్పు సూచికను ‘ఈతనికి పెట్టినను బ్రతుకడు’ అని చెప్పు సూచికగా ఎన్నటికిని వాడరాదు. మంచములు చాలనప్పుడు ఆ ప్రలోభము కలుగుట సహజము. తెరమీది అంకెను చూపి బంధువులను తిప్పిపంపుట, తానే ఆలోచించి చెప్పుటకంటె అలసిన వైద్యునికి తేలిక కూడ. పైన చెప్పిన లోపముగల రికార్డులతో తయారైన అంకెయైనచో, నిన్న చికిత్స అందనివానిని నేడు చికిత్సకు అనర్హునిగా తీర్చుటకు అది సాక్ష్యమగును. ఇట్టి వాడకమును రాతపూర్వకమైన ఉత్తర్వుతో నిషేధించిన పిమ్మటనే పరికరము వార్డులో అడుగుపెట్టవలెను.

సాధనములు మనకు దూరమున లేవు. 2023 సెప్టెంబరు 15న ప్రారంభమైన తొమ్మిది ప్రభుత్వ వైద్యకళాశాలలలో కామారెడ్డిది ఒకటి. 2020ని కృత్రిమమేధా సంవత్సరముగా ప్రకటించినది మన రాష్ట్రమే. ఆరోగ్యమును, రహదారి భద్రతను ఉద్దేశించి ఇంటెల్ సంస్థ, పబ్లిక్ హెల్త్ ఫౌండేషన్ ఆఫ్ ఇండియా, రాష్ట్రప్రభుత్వముల తోడ్పాటుతో హైదరాబాదు ట్రిపుల్ ఐటీలో పరిశోధనాకేంద్రము నెలకొన్నదియు ఆ సంవత్సరముననే. గణించువారు రాజధానిలో ఉన్నారు, రోగులు జిల్లాలో ఉన్నారు, నడుమ వైద్యకళాశాల వెలసినది. రోగుల పేర్లు, ఆధార్ అంకెలు తొలగించి, 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమును, అదే సంవత్సరము భారత వైద్య పరిశోధనా మండలి వెలువరించిన కృత్రిమమేధా నైతిక సూత్రములను పాటించుచు ఈ ముగ్గురును కలియుటకు అడ్డేమి? తయారైన యంత్రమును మొదటి సంవత్సరము మౌనముగా నడపవలెను. అనగా అది చెప్పినది వైద్యులకు చూపక ప్రక్కన వ్రాసి ఉంచి, నిజముగా జరిగినదానితో పోల్చి, తప్పొప్పులను జిల్లా ప్రజలకు తెలియునట్లు ప్రకటింపవలెను. సులభమైన లెక్కతో పని జరుగు చోట యంత్రమును కొననేల? బార్సిలోనా వైద్యుడు ఓరియోల్ రోకా, ఆయన సహచరులు కూర్చిన రాక్స్ సూచికకు ఆక్సీమీటరు అంకె, ఇచ్చుచున్న ఆక్సిజన్ పాలు, ఊపిరుల లెక్క ఈ మూడే ముడిసరుకు. ముక్కు గొట్టముద్వారా అధికవేగమున ఆక్సిజన్ పొందుచున్న న్యుమోనియా రోగి పండ్రెండవ గంటకు 4.88కి తగ్గక నిలిచినచో వెంటిలేటరు అవసరపడు అవకాశము తక్కువని దానివలన తెలియును. ఇది కాగితముమీద చేయగల లెక్క. కాగితము ఉండియే తీరవలెననుటకు వేరొక కారణమును కలదు: 2025 ఆగస్టు నెలాఖరున కురిసిన కుండపోత వానలకు కామారెడ్డి కాలనీలు నీట మునిగి, జాతీయ రహదారియు రైలుమార్గమును దెబ్బతిని, పోచారము ప్రాజెక్టుమీదుగా వరద పొర్లి దిగువ పల్లెలు భయభ్రాంతములైనప్పుడు, హైదరాబాదులోని సర్వరును అడిగి తెలిసికొను యంత్రము ఎల్లారెడ్డి వార్డుకు ఏపాటి సాయము చేయగలిగియుండును?

అందుచే యంత్రమునకంటె ముందు ఒక రిజిస్టరు తెరువుడని కామారెడ్డి వైద్యకళాశాలవారిని, జిల్లా వైద్యాధికారులను కోరుచున్నాను. శ్వాసకష్టముతోగాని, పాముకాటుతోగాని, మందు లోనికి పోయిగాని ఎల్లారెడ్డి, బాన్సువాడ, కామారెడ్డి ప్రభుత్వాసుపత్రులకు వచ్చిన ప్రతివాని విషయమున నిండు నిమిషము లెక్కించిన ఊపిరులు, ఆక్సీమీటరు అంకె, ఆక్సిజన్ ఇచ్చుచున్నారా లేదా అనునది, ఒక్క ఊపిరిలో ఆగకుండ ఎంతవరకు అంకెలు చెప్పగలిగెను, తల లేపగలిగెనా, కనురెప్పలు వ్రాలినవా అను ఈ కొలదిపాటి సంగతులు నాలుగు గంటలకొకసారి అందులో ఎక్కవలెను. రెఫర్ చేసినచో బయలుదేరిన వేళ, చేరిన వేళ, చేరినచోట ఏమి చేసిరో వ్రాయవలెను. ఇంటికి తీసికొనిపోయినవారి సంగతిని ఏడు దినముల తరువాత ఆశా కార్యకర్త ఇంటికి పోయి కనుగొని తెలుపవలెను. ఆ పనికి ఆమెకు ప్రత్యేకముగా ప్రతిఫలము చెల్లింపవలెను. ‘వెంటిలేటరు అవసరమైనది, లభింపలేదు’ అని వైద్యుడు నిర్భయముగా వ్రాయుటకు ఒక గడి ఉండవలెను. అట్లు వ్రాసినందుకు ఆ వైద్యునికి సంజాయిషీ నోటీసు రాదని జిల్లా కలెక్టరు ముందుగానే మాట ఈయవలెను. జూన్‌లో తొలకరి పడగానే పాముకాట్లు, పైరుమీద మందు కొట్టు రోజులు వెంటవెంటనే వచ్చును. రిజిస్టర్లు అచ్చువేయించి, నర్సులకు, 108 సిబ్బందికి, ఆశాలకు ఒక పూట శిక్షణ ఇచ్చుటకు మే నెల చాలును.